మొయిరా చెప్పిన వణుకు

మొయిరాకీ నాకూ మొట్టమొదటి గొడవ ఒక ముసలి నటుడి చెయ్యి గురించి వచ్చింది. నాటకంలో ఆయన కొడుకు పోయాడన్న కబురు విని టీ కప్పు అందుకుంటాడు. "అతని చెయ్యి షేక్ అవుతోంది" అంది మొయిరా నా చెవిలో. రిహార్సల్ అయ్యాక పట్టుకుని కడిగేశాను.

"షేక్ అవడమేమిటే? ఎలా? చలికా, కోపానికా, ముసలితనానికా? సీసాలో మందు కలిపినట్టు ఊపుతున్నాడా?"

"ఊగుతోంది, అంతే. నాకు కనిపించింది అదే."

"నీకు కనిపిస్తే సరిపోయిందా? నాకు కనిపించొద్దూ?"

మా బ్రాడ్‌ఫర్డ్ థియేటర్‌లో చూపులేనివాళ్ల కోసం నాటకాన్ని మాటల్లో చూపిస్తారు. హాలు వెనక అద్దాల గదిలో ఒక మనిషి మైకు ముందు కూర్చుని, నటుల మాటలకి మధ్య దొరికిన సందులో చెబుతుంటుంది: ఎవరొచ్చారు, ఏం కట్టుకున్నారు, మొహం ఎలా పెట్టారు. మా చెవుల్లో చిన్న గొట్టాలుంటాయి. ఆ చెప్పే మనిషి మొయిరా. ఆమె చెప్పింది ముందుగా విని ఇది పనికొస్తుంది, ఇది రాదు అనే మనిషిని నేను. నాకు ఆ పని ఇచ్చింది కళ్లు లేవని కాదు, నోరు ఉందని.

నేను పుట్టుగుడ్డిని కాను. పంతొమ్మిదో ఏట అద్దకం మిల్లులో క్షారం చిమ్మి రెండు కళ్లూ పోయాయి. వాటిని తీసేసి గాజు కళ్లు పెట్టారు, నీలం రంగువి. తెలియనివాళ్లు అసలువే అనుకుంటారట. అందుకని మనుషులు ఎలా వణుకుతారో నేను చూసినదాన్నే. జనవరి తెల్లవారుజామున పెరట్లో బొగ్గు తవ్వుకునే మా నాన్నని చూశాను. గుమ్మంలో పోలీసు నిలబడితే తలుపు పట్టుకున్న మా అమ్మ వేళ్లు చూశాను. వట్టికాళ్లతో జలగలాంటి నత్తని తొక్కిన మా అత్తనీ చూశాను. ఆ ముగ్గురూ ఒక్కలా వణికారని నాతో ఎవరన్నా అంటే వాళ్లకి కళ్లుండీ దండగ.

ఆ మాటే మొయిరాకి చెప్పాను. క్యాంటీన్‌లో వెన్న రాసిన రొట్టెలు తింటూ ఏళ్ల తరబడి ఆ గొడవే పడ్డాం. మా నాన్నది షివర్. భుజాల దగ్గర మొదలవుతుంది, చిన్నచిన్నగా వస్తూ పోతుంటుంది, ఒంట్లో వేడి పుట్టగానే ఆగిపోతుంది. మా అమ్మది ట్రెంబుల్. సన్నగా ఉంటుంది, ఆగదు, ఆపుదామని చూసేకొద్దీ పెరుగుతుంది. ఏడుపుకి ముందు పెదవి అదురుతుందే, అది క్వివర్. మా అత్తది షడ్డర్. ఒక్కటే. మెడ దగ్గర పుట్టి నడుం దాకా జలదరించి పోతుంది, మొహం దానంతటదే పక్కకి తిరుగుతుంది.

మొయిరా వృత్తిలో ఒక నియమం ఉంది. కనిపించింది చెప్పాలి, అనిపించింది చెప్పకూడదు. దాన్ని పట్టుకుని నాతో వాదించేది.

"షివర్ అన్నానంటే చలేసిందని నేనే చెప్పేసినట్టు కదే. షడ్డర్ అంటే అసహ్యం వేసిందని చెప్పినట్టు. అతని మనసులోకి నేను దూరి చూశానా?"

"మనసు ఎవడిక్కావాలి? ఒంటిని చూడు. ఎక్కడ మొదలైంది, ఎన్నిసార్లు వచ్చింది, మొహం ఎటు తిరిగింది. సరిగ్గా చూస్తే పేరు అదే వస్తుంది."

"నువ్వు టీచరయ్యుంటే పిల్లలు పారిపోయేవాళ్లు."

"నువ్వు పారిపోలేదుగా."

పారిపోలేదు. నేర్చుకుంది. నేర్చుకుని ఎంత బాగా చెప్పేదంటే, ఆమె మాట పట్టుకుని నేను కళ్లు మూసుకుని నడిచేదాన్ని. నవ్వకండి, నాకు వేరే దారి లేదని నాకూ తెలుసు. నాటకం దాటి మా ఇంట్లోకీ వచ్చేసింది మొయిరా. పాలు ఏ తారీఖు దాకా నిలవుంటాయి, జాకెట్టు మీద గ్రేవీ మరక పడిందా, పక్కింటావిడ నవ్వుతూ తిడుతోందా ఊరికే తిడుతోందా, అన్నీ ఆమే చెప్పేది. మా చెల్లెలు పండక్కి కార్డు పంపేది. మొయిరా రోజూ వచ్చేది.

ఇంతలో రోలండ్ తగిలాడు.

స్కార్‌బరోలో సముద్రం ఒడ్డున చేపల వేపుడు కొట్టు నడిపి, అమ్మేసి, ఖాళీగా కూర్చున్న మనిషి. పెళ్లాం పోయింది. చూపు లేని బావమరిదిని తీసుకుని మా థియేటర్‌కి వచ్చాడు. విరామంలో ఐస్‌క్రీమ్ కోసం వరసలో నిలబడి, "ఆ చెప్పే ఆవిడ ఎవరోగానీ లోపల భలే చెబుతోందండీ, నాకు కనబడుతున్నా ఆ గొట్టం పెట్టుకునే చూస్తున్నా" అన్నాడు. నాకు ఆ మాటకే నచ్చాడు. తర్వాత ప్రతి నాటకానికీ వచ్చాడు, బావమరిది లేకుండా కూడా. కొట్టు అమ్మేసి ఎన్నాళ్లయినా కోటులో నూనె వాసన పోలేదు. నేను ఏడిపిస్తే, "అది సెంటు, ఖరీదైంది" అనేవాడు.

వసంతంలో అడిగాడు. పెళ్లి చేసుకుందాం, నా ఇంటికి వచ్చెయ్, మెట్లు కూడా లేవు, సముద్రం వినబడుతుంది. నాకు ఒళ్లంతా సంతోషంగానే ఉంది. అయినా ఆగమన్నాను.

ఒక్క సంగతి మిగిలింది. నా కళ్లు తీసి కడుక్కోవాలి. రోజూ కాదుగానీ, కడుక్కోవాలి. లేకపోతే పుసులు కట్టి మండుతాయి. మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు "లోపలికెళ్లి చేసుకోవే, పిల్లలున్నారు" అనేది. పిల్లలు లేనప్పుడు కూడా అనేది. నా మొహం నేను కడుక్కోవడానికి తలుపేసుకోవడం నాకు కడుపుమంట. అలా బతికే ఇంట్లో నేనుండను అని ఎప్పుడో ఒట్టేసుకున్నాను. నా ఫ్లాట్‌లో వంటింటి సింకు దగ్గర నిలబడి, రేడియో పెట్టుకుని, పాటలు పాడుకుంటూ కడుక్కునేదాన్ని. మొయిరా పక్కనే నిలబడి తువ్వాలు అందించేది.

అందుకని మొయిరాతో చెప్పాను. "ఆదివారం భోజనానికి రోలండ్‌ని పిలుస్తాను. నువ్వూ రా. తిన్నాక అతని ఎదురుగానే తీసి కడుగుతాను. నువ్వు అతన్నే చూడు. అతని ఒళ్లేం చేసిందో నాకు చెప్పు."

"అతన్నే అడగొచ్చుగా?"

"అడిగితే బానే ఉందంటాడు. యార్క్‌షైర్ మగాడు, పైగా మర్యాదస్తుడు. ఉరికంబం ఎక్కిస్తున్నా బానే ఉందంటాడు. నోరు మర్యాద పాటిస్తుంది, ఒళ్లు పాటించదు. నువ్వు ఒంటి సంగతి చెప్పు చాలు. దాన్ని బట్టే ఇతనికి సరే అంటానో, నా ఫ్లాట్‌లోనే చస్తానో."

"అంత బరువు నా మీద పెడతావేమే?"

"నీ మీద కాక ఇంకెవరి మీద పెట్టను?"

ఆ ఆదివారం ఎద్దుమాంసం వేయించాను, మాంసంతో తినే పిండి పుడ్డింగులు పొంగాయి, రోలండ్ మూడోది కూడా తిన్నాడు. మాంసం కొవ్వు పొగకి వెనక తలుపు తీసి ఉంచాను. టీ పోసి ఇచ్చి, "నేను కళ్లు కడుక్కోవాలి, ఏమీ అనుకోకు" అని సింకు దగ్గరికి నడిచాను. తీశాను. కుళాయి తిప్పాను. కుర్చీ కిర్రుమంది. కప్పు సాసర్ మీద పెట్టిన చప్పుడు. కళ్లు తీసినప్పట్నుంచీ నేను అతని వైపే తిరిగి ఉన్నాను, కావాలనే. దాక్కోవడానికి కాదుగా చేస్తున్నది.

"ఓహో... అలా తీస్తారన్నమాట" అన్నాడు రోలండ్. గొంతు బానే ఉంది. ఇందాకే చెప్పానుగా, నోరు మర్యాద పాటిస్తుంది.

అతన్ని బస్టాప్ దాకా దింపడానికి మొయిరా వెళ్లింది. తిరిగొచ్చేదాకా నేను అదే కుర్చీలో, కోటు వాసన మిగిలిన కుర్చీలో కూర్చున్నాను.

"చెప్పవే."

"షివర్" అంది. "భుజాల దగ్గర చిన్నగా వచ్చింది. వెనక తలుపు తీసే ఉంచావుగా, గాలి అతని వీపుకే కొట్టింది. తర్వాత నవ్వాడు. మంచి నవ్వు."

"షడ్డర్ కాదుగా?"

"ఇన్నాళ్లు నాతో తన్నుకుని నేర్పి, ఇప్పుడు నాకు తేడా తెలియదంటావా?"

తెలుసు. ఆమెకి తెలిసినంత ఈ దేశంలో ఇంకెవరికీ తెలియదు. అందుకే నమ్మాను. లేచి ఆమెని వాటేసుకుని బుగ్గ మీద ముద్దు పెట్టాను కూడా. ఆ సాయంత్రమే రోలండ్‌కి ఫోన్ చేసి సరే అన్నాను. అవతల అతను చాలాసేపు ముక్కు చీదాడు.

ఆ ఫ్లాట్ మునిసిపాలిటీది. ఒక్కసారి వదిలేస్తే మళ్లీ రాదు. అందులో ప్రతి గడపా, ప్రతి మూలా నా కాళ్లకి తెలుసు. తాళాలు ఇచ్చేశాను, చంటిపిల్లతో ఎవరో జంట దిగారు. పెళ్లి వేసవి చివర రిజిస్ట్రార్ ఆఫీసులో అనుకున్నాం. నా పెట్టెలన్నీ స్కార్‌బరో చేరాయి. మొయిరాయే సర్ది, పెట్టెల మీద వేళ్లతో చదివే చుక్కల అక్షరాలు అతికించి పంపింది. అంత శ్రద్ధగా ఎవరు చేస్తారు అనుకున్నాను.

కొత్త ఇంట్లో మొదటిసారి సింకు దగ్గర కడుక్కుంటుంటే రోలండ్ వంటింట్లోకి వచ్చి, గుమ్మంలోనే ఆగి, వెనక్కి వెళ్లిపోయాడు. పేపర్ మర్చిపోయాడేమో అనుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి నడవలోంచి గొంతు వినిపించింది.

"గ్లెండా, ఏమీ అనుకోకు. అనుకున్నట్టు అది బాత్రూమ్‌లో తలుపేసుకుని చేసుకోవచ్చు కదా?"

నీళ్లు కట్టేశాను. "అనుకున్నట్టా? ఎవరనుకున్నారు?"

"మనమే. అంటే, మొయిరా నీతో చెప్పింది కదా. నువ్వు సరేనన్నావు కదా."

"రోలండ్, ఇలా వచ్చి కూర్చో. కళ్లు పెట్టేసుకున్నాలే, భయపడకు. మొయిరాతో ఏం చెప్పావో మొదట్నుంచీ చెప్పు."

వచ్చాడు. పాపం, చెప్పాడు. బస్టాప్ దగ్గర మొయిరా చెయ్యి పట్టుకుని బతిమాలాడట. "ఒక్కసారిగా జలదరించింది. బతుకంతా చేప తలకాయలు నరికినవాణ్ణి, నాకే సిగ్గేసింది. అయినా ఒళ్లు వినలేదు. నీ మొహం మీద చెప్పలేకపోయాను గ్లెండా. మొయిరాతోనే, నువ్వు చెప్పమ్మా, తలుపేసుకుని చేసుకుంటే నాకే ఇబ్బందీ లేదు, అది కుదరదంటే నేనే తప్పుకుంటాను అని చెప్పు అన్నాను. సాయంత్రం నీ ఫోన్ వచ్చింది. మర్నాడు మొయిరా కూడా చేసి, అంతా చెప్పాను, ఆమె ఏమీ అనుకోలేదు, తలుపేసుకుంటానంది అని చెప్పింది. నేను నేల మీద నిలబడలేదు ఆ రోజు."

ఇద్దరికీ చెరో అబద్ధం చెప్పి, మధ్యలో ముడి వేసి వెళ్లింది. నాకు కోపం రాలేదు మొదట. కూర్చున్న కుర్చీ ఎవరిదో, ఈ గోడలెవరివో తెలియనట్టయింది. తర్వాత వచ్చింది కోపం, మొయిరా మీద.

"నాకు అలవాటవుతుంది" అన్నాడు రోలండ్. "కొంచెం టైమివ్వు. అలవాటు చేసుకుంటాను."

"అలవాటు చేసుకోవడానికి నేనేమన్నా కొత్త బూట్లా?"

"గ్లెండా..."

"నేను సరే అన్నది నీకు కాదు రోలండ్. మొయిరా చెప్పినవాడికి. గాలికి వణికి, తర్వాత నవ్వినవాడు. వాడు ఈ ఇంట్లో లేడు."

అతని మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ లేదు. జలదరించడం అతని చేతిలో లేదు, చెప్పమని మనిషిని పంపాడు కూడా. రిజిస్ట్రార్ ఆఫీసుకి ఫోన్ చేసి పెళ్లి వద్దన్నాను. అతను ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, తర్వాత నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లి బ్రాడ్‌ఫర్డ్ రైలెక్కించాడు.

మొయిరా అద్దాల గదిలోనే ఉంది. మధ్యాహ్నం ఆటకి ఇంకా టైముంది. ఇది ఆమె ఆఖరి నాటకం. వాళ్ల అక్కగారు స్పెయిన్‌లో ఇల్లు కొనుక్కుంది, అల్మేరియాలో, మొయిరా అక్కడికి వెళ్లిపోతోంది. ఆ సంగతి నాకు చెప్పింది నా పెట్టెలు సర్దిన రోజునే. ఎంత బాగా కలిసొచ్చిందో అని మురిసిపోయాను కూడా.

"ఏమే, పెళ్లికూతురా!" అంది నా అడుగుల చప్పుడు విని. "చెప్పకుండా వచ్చావేం?"

"ఆ రోజు రోలండ్ ఒళ్లేం చేసింది?"

కాగితాల గలగల ఆగింది. "చెప్పానుగా. షివర్..."

"మొయిరా."

కుర్చీ వెనక్కి జరిగింది. ఆమె ఊపిరి వినబడుతోంది. ఆ గదిలో ముందున్న అద్దం తప్ప గోడలన్నీ మెత్తటి గుడ్డ, బయటి చప్పుడుకే కాదు అబద్ధానికి కూడా చోటుండదు.

"షడ్డర్" అంది చివరికి. "మెడ దగ్గర మొదలైంది. ఒక్కసారే. నడుం దాకా పోయింది. కప్పు సాసర్ మీద పెట్టాడు. మొహం కిటికీ వైపు తిరిగింది. గుటక వేశాడు. అప్పుడు మాట్లాడాడు. నవ్వలేదు."

మైకులో చెప్పే గొంతుతో చెప్పింది, ఎక్కువా తక్కువా లేకుండా. ఎంత బాగా చెప్పిందో! నాకు ఒళ్లు మండింది అందుకే. ఆ రోజు కూడా ఇవే మాటలు ఆమె నాలుక మీద ఉన్నాయి, మింగేసింది.

"ఎందుకే?"

"చెబితే నువ్వు కాదనేదానివి."

"అనేదాన్ని. అది నా ఇష్టం కదా."

"నువ్వు కాదంటే నేను అల్మేరియా వెళ్లేదాన్నా?" గొంతు మారింది. "పొద్దున లేస్తే ఫోన్. మొయిరా, ఈ డబ్బాలో టమాటాలా పీచ్ పళ్లా. మొయిరా, మేజోళ్లు రెండూ ఒక రంగేనా. మొయిరా, డాక్టరు మొహం ఎలా పెట్టాడు. నాక్కూడా ఒక్క రోజు ఏమీ చూడకుండా కూర్చోవాలనుంది. సముద్రం చూస్తే అది ఏ రంగులో ఉందో ఎవరికీ చెప్పక్కర్లేకుండా చూడాలనుంది. నిన్ను ఒంటరిగా వదిలేసి పోతే నాకు నిద్రపట్టదు. రోలండ్ మంచివాడు. తలుపొకటి వేసుకుంటే ఏం పోయింది అనుకున్నాను."

"ఇక చాలే గ్లెండా అని నాతో అనొచ్చుగా?"

"అంటే ఊరుకునేదానివా?"

"ఊరుకునేదాన్ని కాదు. నాలుగు తిట్టేదాన్ని. తిట్టి, వెళ్లవే అనేదాన్ని. ఇప్పుడేం చేశావు? ఇల్లు ఖాళీ చేస్తూ పిల్లిని పక్కింటివాళ్లకి అంటగట్టినట్టు అంటగట్టావు నన్ను. పిల్లి కూడా ఒకసారి వాసన చూసి నచ్చకపోతే వెనక్కొస్తుంది. నేను వెనక్కి రావడానికి ఇల్లు కూడా లేకుండా చేశావు."

ఏడుస్తోంది. ముక్కు ఎగబీలుస్తోంది. నాకు జాలి వెయ్యలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఇంకొక్కటి చెప్పి ఏడువు" అన్నాను. "అతను అలా అయిపోయాడే, ఏం చూసి? నేనెలా ఉన్నాను అప్పుడు? నా మొహం ఎలా ఉంటుంది అవి తీసేశాక? నన్ను నేను చూసుకోలేదు కదా. నువ్వు చెప్పు."

కాగితాలు మళ్లీ గలగలమన్నాయి.

"చెప్పవే. అసహ్యంగా ఉంటే అసహ్యమనే చెప్పు. కనిపించింది చెప్పు."

"తెలియదు."

"ఎదురుగా ఉన్నావు, తెలియకపోవడమేంటి?"

"చూళ్లేదు గ్లెండా." గొంతు బాగా తగ్గిపోయింది. "ఎప్పుడూ చూళ్లేదు. నువ్వు వాటిని తీసినప్పుడల్లా నేను ఇంకెటో చూస్తాను, కుళాయో, కిటికీయో. మొదటిసారి చూడబోయి తల తిప్పేసుకున్నాను, అంతే, మళ్లీ ధైర్యం చెయ్యలేదు. ఆ రోజు చూడ్డానికి అతని మొహం ఉంది కాబట్టి అటు చూశాను."

ఇన్నేళ్లు. ఇన్ని పొద్దులు పక్కన నిలబడి, రేడియోలో పాట అందుకుని, నవ్వుతూ, తువ్వాలు నా చేతిలో పెట్టిన మనిషి. తువ్వాలు ఒక్కసారి కూడా తడబడలేదు. లోకంలో ఒక్కరు నన్ను నేరుగా చూస్తున్నారనే ధైర్యంతోనే నేను మిగతా అందర్నీ లెక్కచెయ్యలేదు. ఆ ఒక్కరూ లేరు. చెల్లెలు నయం, తలుపు వేసుకోమని నోటితో చెప్పింది.

వెళ్లడానికి తిరిగాను. కర్ర కోసం వెతుక్కుంటుంటే ఆమె తీసి నా చేతిలో పెట్టబోయింది. లాక్కున్నాను.

"గ్లెండా, ముందు మెట్టుంది. చూసి..."

"నోర్ముయ్" అన్నాను.

మెట్టు ఉందని నాకు తెలియదా, ఎన్నేళ్లు ఎక్కి దిగాను. అయినా తూలి తలుపుకి కొట్టుకున్నాను. ఆమె చేతులు నా దాకా వచ్చి ఆగిపోయాయి. మోచెయ్యి రుద్దుకుంటూ, గోడ పట్టుకుని, బయటికి నేనే నడిచాను.